తడి ఆరేలోగా

కుతైసీ మెడికల్ కాలేజీ రెండో అంతస్తులో
ఇరవై రెండేళ్లుగా నల్లబల్లలు తుడుస్తున్నాను.
మంచి మార్కులు ఎలా వస్తాయో నన్నడగండి.
ప్రొఫెసర్లను అడక్కండి, వాళ్లు గది నిండి ఉన్నప్పుడే చూస్తారు.
అందరూ వెళ్లిపోయాక ఏం మిగిలిందో
చీపురుకే తెలుస్తుంది.

వాఖ్తాంగ్ అని ఒక కుర్రాడు.
వాడి బెంచీ కింద రోజూ రంగు పెన్నుల మూతలు దొరికేవి.
పసుపు, గులాబి, చిలకాకుపచ్చ,
పుస్తకాన్ని పెళ్లిపందిరి చేసేవాడు.
రంగు పడని వాక్యం ఒక్కటీ మిగల్లేదు,
వాడి వెంట ఇంటికి వెళ్లిన వాక్యమూ ఒక్కటీ లేదు.

తెక్లే వేరు.
చియాతురా గనుల వైపు పిల్ల,
గోళ్లు కొరుక్కునేది, రెండో వరసలో కిటికీ పక్కన కూచునేది.
ఒక సాయంత్రం అడగనైనా అడక్కుండా
నా బకెట్లో వేలు ముంచి
అప్పుడే తుడిచిన బల్ల మీద నీళ్లతో ఒక చెయ్యి గీసింది.
మణికట్టు దగ్గర ఎనిమిది గులకరాళ్లు.
"తడి ఆరేలోగా పేర్లన్నీ చెప్పాలి పిన్నీ."

పడవ ఎముక.
నెలవంక ఎముక.
మూడు మూలలది.
బఠాణీ గింజ.

ఐదో దాని దగ్గర ఆగింది.
నీళ్లు ఆగలేదు.
అంచుల నుంచి లోపలికి ఆరుకుంటూ వచ్చి
బల్ల ఏమీ ఎరగనట్టు మొహం పెట్టింది.

పుస్తకం సంచిలోనే ఉంది, తీయలేదు.
కళ్లు మూసుకుని అలాగే నిలబడింది.
నాలుక చివర ఉన్నదాన్ని అక్కడి నుంచే లాగాలట,
పుస్తకం తెరిస్తే అది మళ్లీ పుస్తకం సొత్తేనట.

నాకేమో ఆరున్నరకి మినీబస్సు.

ఇక రోజూ ఇదే తంతు.
నన్ను ముందు బెంచీలో కూచోబెట్టి
నరాలు, కండరాలు, గుండె గదులూ చెప్పేది.
నా నుదురు ముడిపడితే చాలు, గబగబా మెట్లు దిగి లైబ్రరీకి.
"నీకు అర్థం కాలేదంటే నాకు రాలేదన్నమాటే."
కొన్నిసార్లు బస్సు అందుకోవాలని
అర్థమైనా నుదురు చిట్లించాను.
ఆ రోజుల్లోనే ఆ పిల్ల ఎక్కువ చదివింది.
ఈ మాట తనకింకా చెప్పలేదు.

మొదటి పరీక్షలో అరవై ఒకటి.
ఆ కాగితం పట్టుకుని ఓతార్ గారి తలుపు తట్టింది.
ఎందుకు తగ్గించారు అనలేదు,
ఎక్కడ తప్పిపోయాను అంది.
ఆయన కళ్లజోడు కోసం బల్లంతా వెతుక్కున్నాడు,
ఆ ప్రశ్న విని ఎన్నాళ్లయిందో.

ఆఖరి పరీక్ష ముందు రాత్రి
వరండా నిండా కాఫీ కప్పులు, ఎర్రబడ్డ కళ్లు,
దేవుడి పేరూ ధమనుల పేర్లూ కలిపి గొణిగే నోళ్లు.
తెక్లే రాలేదు. నిద్రపోయిందట, తొమ్మిది గంటలు.
నేను బల్ల తుడిచి కాసేపు బకెట్ పక్కనే నిలబడ్డాను.

తొంభై ఏడు వచ్చింది.
మిగతా మూడూ ఎక్కడ పోయాయో కనుక్కుని మరీ ఊరెళ్లింది.

ఆరేళ్లకి, మొన్న చలికాలం,
నా కుడి మణికట్టు వాచింది.
బకెట్ ఎత్తలేక క్లినిక్‌కి పోతే
కుర్చీలో వాఖ్తాంగ్. కోటు జేబులో పసుపు పెన్ను.
వాడూ ఎలాగో ఒడ్డెక్కాడు, సంతోషం.
"ఎక్కడ నొప్పి పిన్నీ?"
"పడవ దగ్గర మొదలై నెలవంక వైపు పాకుతోంది నాయనా."

రాస్తున్న చెయ్యి ఆగింది.
నన్ను చూశాడు, నా చెప్పులు చూశాడు, మళ్లీ నన్ను.
"మరి ఐదోది?" అన్నాడు, నవ్వుతూనే.

వాడి వెనక గోడ మీద
ఎనిమిదింటికీ పేర్లు రాసిన బొమ్మ వేలాడుతోంది.
అటు చూడలేదు.
కళ్లు మూసుకున్నాను.