మీటరు దూరం

కొత్తపేట ఆస్పత్రి, మూడో అంతస్తు, చివరి గది.
తలుపులో సీసం పలక, నెట్టాలంటే ఇద్దరు కావాలి.
పొద్దున సీసం డబ్బాలోంచి
ఒకే ఒక్క క్యాప్సూల్ నా చేతిలో ఒంపి
"మింగేయండి మేడమ్" అని
ఆ పిల్ల పరుగున వెళ్లిపోయింది.
తప్పు లేదు. అలా పరిగెత్తమని నేర్పేదాన్నే నేను.

ముప్పై యేళ్లు, గుంటూరు కాలేజీ నల్లబల్ల మీద
మూడు బాణాలు గీశాను.
ఆల్ఫాని కాగితం ఆపుతుంది,
బీటాకి అల్యూమినియం రేకు చాలు,
గామాకి సీసం, గోడ, ఆపైన మీ ఓపిక.
అయస్కాంతం పెడితే
ఆల్ఫా బద్ధకంగా ఇటు ఒరుగుతుంది,
బీటా విసురుగా అటు తిరుగుతుంది,
మూడోది ఎవరి మాటా వినదు.
వెనక బెంచీలో నవ్వు.

క్లాసులో చెప్పనిదొకటి ఉంది.
మా నాన్న ఇజ్రాయేలు పొగాకు కంపెనీలో బేళ్లు మోసేవాడు.
ఆకు నూగుకి పొలోనియం అంటుకుంటుందని,
అది ఆల్ఫా అని,
ఆయన పోయాక చదివాను.
కాగితం దాటలేని దాన్ని
కాగితంలోనే చుట్టి లోపలికి పిలిచాడు.

నా గొంతులో ఇప్పుడు అయోడిన్.
దాని బీటా మిల్లీమీటరో రెండో నడిచి
వచ్చిన పని చూసుకుంటుంది.
గామా మాత్రం నన్ను దాటి, దుప్పటి దాటి,
పలకరించడానికొచ్చిన వాళ్ల వైపు వెళ్తుంది.
అందుకే ఏడో నెల కూతురు ఫోన్లోనే ఉంది.

అన్నం పళ్లెం గుమ్మంలో పెట్టి
కర్రతో లోపలికి నెడతారు.
గచ్చు మీద ఆ గీరుడు వినగానే
దోసిలి పట్టి వంగిన నాన్న కనిపించాడు.
చెంబు తగలకుండా
ఎత్తు నుంచి పోసేవాళ్లు నీళ్లు.
ఈ దూరానికి సూత్రం ఉంది,
రెండింతలు జరిగితే నాలుగో వంతు.
గడువూ ఉంది, ఎనిమిది రోజులకి సగం,
మరో ఎనిమిదికి ఆ సగంలో సగం.
ఆ దూరానికి
ఏ పుస్తకంలోనూ లెక్క దొరకలేదు.
వెతకలేదనుకోకండి.

నిమ్మబిళ్లలు చప్పరిస్తూ, బిందెడు నీళ్లు తాగుతూ
మూడో రోజుకి వచ్చాను.
తలుపు సందులోంచి టిక్కుటిక్కుమంటూ మీటరు,
దాని వెనక మస్తాన్‌వలి,
ప్రాక్టికల్స్ రెండుసార్లు తప్పినవాడు.
"గుర్తున్నానా మేడమ్?"
"ముందు మీటరు దూరంలో నిలబడు."
నిలబడ్డాడు, టేపు పెట్టి కొలిచి మరీ.
"ముప్పై రెండు మేడమ్. ఇంటికెళ్లొచ్చు."
"ముప్పై రెండు ఏంటి?
ఇడ్లీలా?"