బోసి కోటు

అక్టోబరు ఆఖర్న ఓ పొద్దున
హల్ నగరంలో మా స్టూడియో తలుపు దగ్గర
అట్టపెట్టె ఒకటి వెలుస్తుంది.
ఎర్ర కాగితం పువ్వులు, పక్కనే చందా డబ్బా.
పెట్టుకోమని ఎవరూ చెప్పరు.
పెట్టుకోనివాళ్ళ వెనక తలుపు మాత్రం
కాస్త ఆలస్యంగా మూసుకుంటుంది.

నా పని మైకులు తగిలించడం.
పదకొండేళ్ళుగా ఈ ఊరి వార్తలన్నీ
నా వేళ్ళ సందునుంచే వెళ్ళాయి.
కోటు అంచున నాక్కావలసింది రెండంగుళాల చోటు.
నవంబరులో ఆ రెండంగుళాలకీ పోటీ.

ఆ పువ్వు చుట్టాల్ని నేనెరుగుదును. గసగసాలు.
అమ్మ నూరి బంగాళాదుంప కూరలో వేస్తే
తిన్న మధ్యాహ్నం నిద్ర ముంచుకొచ్చేది.
ఇక్కడిది ఎవర్నీ పడుకోనివ్వదు.

డెరిక్ ఆల్‌థోర్ప్, సాయంత్రం ఆరున్నర వార్తలు,
ఈ ఏడు పెట్టుకోలేదు.
మొదటిరోజు పద్నాలుగు ఫోన్లు.
రెండోరోజు ఒకావిడ ఉత్తరం, ముత్యాల్లాంటి దస్తూరీ,
"మీకు సిగ్గుండాలి", కింద "భవదీయురాలు".
మూడోరోజు చేపల కొట్లో ఎవరో
అతని సంచి పక్కన ఉమ్మేశారట.
మైకు తీగ చొక్కా లోపల్నుంచి లాగుతుంటే
నాతో ఒక్కసారే అన్నాడు:
"మా అన్న కెన్నెత్. ఓడలో కాలిపోయాడు. పంతొమ్మిదేళ్ళు.
వాణ్ణి నేను ఆరున్నరకి తలుచుకోను."
ఎప్పుడు తలుచుకుంటాడో నేనడగలేదు.

నాకా చూపు తెలుసు.
పెళ్ళి భోజనాల బంతిలో మేనత్త
నా నుదుటి మీద వెతికిన చూపు.
"బొట్టేదే? ఏమిటా బోసిమొహం?"
స్టిక్కర్లు పడక దద్దుర్లు లేచాయంటే
ఎర్రగానే ఉన్నాయిగా, పరవాలేదంది.
మొహానికైతే మాట ఉంది మా భాషలో.
బోసి కోటు అని ఇంతవరకు ఎవరన్నారో లేదో,
నేనంటున్నాను.

ఐదోరోజు ప్రొడ్యూసర్ ఫిలిప్పా వచ్చింది.
చెడ్డమనిషి కాదు,
మూడు రాత్రుల నిద్ర కళ్ళ కింద వేలాడుతోంది.
ఒక్క మాటా అనకుండా తనే గుచ్చింది.
దర్జీకి కొలతలిస్తున్నట్టు
డెరిక్ చేతులు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.
ప్రసారానికి తొంభై సెకన్లు.
నేను హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.
అతని ఊపిరి వినిపించింది. ఇంకేం లేదు.
"కాగితం రాసుకుంటోంది" అన్నాను,
"గరగరమంటోంది. తీసెయ్యాలి."

అంత శుభ్రమైన అబద్ధం నేనెన్నడూ ఆడలేదు.
ఫిలిప్పా నా వంక చూసింది. గడియారం వంక చూసింది.
తీసెయ్ అంది.
వరద హెచ్చరిక, మూతబడ్డ లైబ్రరీ, రగ్బీ స్కోరు,
అన్నీ ఒడ్డుకి చేర్చాడు డెరిక్, గొంతు తొణకకుండా.

పువ్వు నా జేబులో ఉండిపోయింది.
బస్సులో పాసు కోసం చెయ్యి పెడితే సూది దిగింది.
చిన్న చుక్క, నుదుటికి సరిపోయేంత.
ఎదురు సీటు ముసలాయన
మడత విప్పని చేతిరుమాలు అందించాడు.
ఆయన కోటు మీదా ఏమీ లేదు.
రుమాలు తిరిగి ఇవ్వబోతే
ఉంచుకోమన్నట్టు చెయ్యి ఊపి, ముందు స్టాపులో దిగిపోయాడు.

మర్నాడు అట్టపెట్టె పక్కన ఇంకో చిన్న పెట్టె.
లోహపు పువ్వులు, ఎనామిల్ పూతవి, కొత్తవి.
"ఇవి చప్పుడు చెయ్యవు" అంది ఫిలిప్పా,
డెరిక్‌తో కాదు, నాతో.