మూడో పేజీలోని పట్టిక

కోయింబ్రాలో ఆ డిసెంబరంతా వాన.
మొండేగు నది మెట్ల దాకా వచ్చి తొంగిచూసి పోయేది.
గోపురం మీది గంటకు విద్యార్థులు పెట్టిన పేరు మేక.
అది అరిచినప్పుడల్లా ఆచార్యులు మాట ఆపేవాళ్ళు,
మెట్లెక్కుతున్నది ఎవరో వినడానికి.

పదకొండు మంది, ఒక్క కుంపటి.
టైపు కొట్టే నేను పన్నెండోదాన్ని.
నన్ను లెక్కలో వేసుకోలేదు, నేనూ అడగలేదు.

మొదటి వాక్యానికే రెండు రాత్రులు పట్టింది.
అన్యాయమైన యుద్ధం అందాం, అన్నాడు న్యాయశాస్త్రం చెప్పే సర్మెంతు.
అనవసరమైన అంటే చాలు, అన్నాడు పెద్దాయన,
పింఛనుకు ఇంకా ఏడాది ఉన్నవాడు.
ఒకటి కొట్టాను. వద్దన్నారు.
కొట్టిన చోటే రెండోది కొట్టాను. అదీ వద్దన్నారు.

బెల్మీరా క్వింతేలా విశేషణాల జోలికి పోలేదు.
ఆమెది జనాభా లెక్కల చదువు.
ఉత్తరాది కొండల్లో ఓ చర్చి పుస్తకాలు తిరగేసి వచ్చింది,
వేళ్ళకింకా పాత తోలు వాసన.
"ఖజానాలో పది నాణేలుంటే నాలుగు ఆఫ్రికాకు ఓడెక్కుతున్నాయి.
చేతికందొచ్చిన పిల్లల్లో సగం ఓడ,
సగం రాత్రికి రాత్రి సరిహద్దు దాటి ఫ్రాన్సు.
బడిపంతులు లేని ఊళ్ళు సరే,
బడికి పిల్లలే లేని ఊరు చూసొచ్చాను."
అంతే చెప్పి, పట్టిక నా ముందుకు తోసింది.
ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళు:
అరవైలో ముప్పై ఎనిమిది.
అరవై ఆరులో తొమ్మిది.

మా తమ్ముడు అదెలీనో అప్పటికి గినీలో ఉన్నాడు.
వాడి ఉత్తరాలు పసుపు కాగితం మీద, స్టాంపు అక్కర్లేదు,
యుద్ధంలో ఉచితంగా దొరికేది అదొక్కటే.
చివరి దాంట్లో రాశాడు:
"అక్కా, ఇవాళ పండిన వరి తగలబెట్టించారు.
ఒక ముసలామె గట్టు మీద కూర్చుని చూసింది.
ఏడవలేదు. మమ్మల్ని లెక్కపెట్టింది."
ఎవరినీ అడక్కుండా
ఆ వరిని రెండో పేజీలో కొట్టేశాను.
తెల్లారాక చదివి పదకొండు మందీ ఏమీ అనలేదు.
సర్మెంతు లేచి తన కుర్చీ నాకిచ్చాడు.

వ్యవసాయ పత్రికకు పంపాం.
సెన్సారు గదిలో కూర్చునేవాడు రిటైరైన కెప్టెను,
చేతిలో నీలం పెన్సిలు.
వరిని ముందు కొట్టేశాడు.
తర్వాత ఖజానా, ఓడలు, సరిహద్దు, పదకొండు సంతకాలు.
అంకెల దగ్గరికొచ్చేసరికి భోజనం వేళయిందో ఏమో,
పట్టికను వదిలేశాడు.
పత్రికలో అదొక్కటే వచ్చింది,
ఎరువుల ప్రకటన పక్కన,
పేరు లేకుండా, తలా తోకా లేకుండా.

సర్మెంతును జనవరిలో తీసుకెళ్ళారు.
పెద్దాయనకు పింఛను రాలేదు.
బెల్మీరాకు తరగతి గది తలుపు మూసుకుంది,
చేపల రేవులో పిల్లలకు కూడికలు చెప్పుకుంది.

మార్చిలో ఒకామె వచ్చింది, నిలువెల్లా నలుపు,
రెండు బస్సులు మారి, బురద కాళ్ళతో,
కొంగులో మడిచిన ఆ కాగితం ముక్కతో.
"అమ్మా, చదువు రాదు నాకు. చదివించుకున్నాను.
ఈ తొమ్మిదిలో మా మనవరాలు ఉందా?
వాళ్ళ నాన్న చూడకుండానే పోయాడు,
పెట్టె తెప్పించుకునే డబ్బు మాకు లేదు.
కనీసం పిల్లనైనా లెక్కలో రాశారా?"
బెల్మీరా పుస్తకం తెరవలేదు.
తొమ్మిది పేర్లూ నోటికి చెప్పింది.
ఆరో పేరు దగ్గర ఆమె చెయ్యెత్తింది.

నా దగ్గర మిగిలింది ఒక కార్బను కాగితం.
పసుపు ఉత్తరాలు రాని ఆదివారాల్లో
కిటికీకి ఎత్తి చూస్తాను.
అన్యాయం మీద అనవసరం, దేన్నీ చదవలేం.
రెండు మాటలకూ మొదటి అక్షరం ఒకటే, కాదనే అక్షరం.
రెండు దెబ్బలు ఒకే చోట పడి
అక్కడ చిల్లు పడింది.
వెలుతురు అక్కణ్ణుంచే వస్తుంది.