బాబ్ అంకుల్ నంబరు

హల్ నగరంలో మొదటి చలికాలం.
వంటింటి అలమరలో బాయిలరు
రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
ఇంటి ఓనరు పంపితే క్లిఫ్ వచ్చాడు,
బూట్లు గుమ్మంలో విప్పి, చిల్లుల మేజోళ్ళతో.

"ఈ వాల్వు తిప్పు. ముల్లు ఒకటిన్నర దగ్గరికి రానీ.
ఆపు. ఈ బటన్ నొక్కు.
బాబ్స్ యువర్ అంకుల్."

బుద్ధిగా నోటుబుక్కులో రాసుకున్నాను:
వాల్వు. ముల్లు. బటన్.
కింద, బాబ్ అంకుల్: నంబరు అడగాలి.

రాత్రంతా అదే ధ్యాస.
ఎవరీ బాబు? మేనమామా, పెదనాన్నా,
మేనత్త మొగుడా?
వీళ్ళ భాషలో అందరికీ కలిపి ఒకటే కుర్చీ.
మాకైతే ఎవరి పీట వాళ్ళదే:
పెళ్ళిలో గంప మోసేవాడొకడు,
పప్పులో ఉప్పు లేదని అలిగి లేచిపోయేవాడొకడు.
బాయిలరు వెలిగించే వరస ఏదో
నాకెవరూ చెప్పలేదు.
బాబ్ కాబట్టి బాబాయే అయ్యుంటాడని
తేల్చుకుని పడుకున్నాను.

తర్వాత ఊరంతా ఆయనే.
కేకు పిండి కలుపుతూ పక్కింటి డోరీన్,
రౌండెబౌట్ దాటి ఎడమకి అంటూ బస్సు డ్రైవరు,
ఆఖరికి పోస్టాఫీసు కుర్రాడు కూడా.
వీసా కాగితాల దగ్గర మాత్రం
ఒక్కరూ ఆయన పేరెత్తలేదు.
పంటి డాక్టరూ అంతే.
అప్పుడర్థమైంది,
సుళువైన పనులకే చుట్టం ఈయన.

ఫిబ్రవరిలో మళ్ళీ క్లిఫ్.
వాల్వు, ముల్లు, బటన్, బాబ్.
మంట రాలేదు.
మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అన్నాడు.
బాబాయి రాలేదు.
మోకాళ్ళ మీద కూర్చుని పానా వెతుక్కుంటుంటే అడిగాను,
"ఇంతకీ ఎవరాయన?"
తల గోక్కున్నాడు.
"ఏమో. మా నాన్న అనేవాడు.
మీవాళ్ళు ఏమంటారు?"

నల్లేరు మీద బండి నడక, అన్నాను.
నల్లేరంటే?
చెప్పబోయి చెయ్యి గాల్లోనే ఆగింది.
కణుపులు కణుపులుగా ఉంటుంది, తీగ,
పచ్చడి చేస్తారు, దురద.
దాని మీంచి బండి పోవడం
నేనూ ఎన్నడూ చూళ్ళేదు.
మా అమ్మ అనేది.

క్లిఫ్ తలూపి పానా బిగించాడు.
కాసేపు ఇద్దరం ఏమీ అనలేదు.
లోపలెక్కడో టప్‌మని
చిన్న నీలి నాలుక.
గొట్టాలు ఒళ్ళు విరుచుకున్నాయి.

నోటుబుక్కులో ఆ లైను కొట్టెయ్యలేదు.
పక్కన కాస్త చోటు ఉంది,
నంబరు పట్టేంత.