నాలుగు మిల్లీమీటర్లు

ఇరవైసార్లు కొలిచాను.
ఇరవైసార్లూ పది సెంటీమీటర్లే అంది యంత్రం,
అటూ ఇటూ వెంట్రుకవాసి.
సగటు తీసి, రిజిస్టర్లో ఎక్కించి, సంతకం పెట్టి
టీకి వెళ్లిపోయాను.
అలా మూడేళ్లు.

సోంపేటలో మా స్కానింగు గది.
గోడకి ఎరువుల కొట్టువాడిచ్చిన క్యాలెండరు,
బల్ల మీద జెల్లు నింపిన పెట్టె,
మనిషి ఒంటికి బదులు కొలతకి పడుకునే పెట్టె.
లోపల సెంటీమీటరుకొకటిగా నైలాను దారాలు.
యంత్రం దారి తప్పితే ఆ దారాలు చూసి దిద్దాలి.
దారాలే తప్పితే ఎవర్ని అడగాలో
వైజాగు శిక్షణలో చెప్పినట్టు గుర్తులేదు.
బహుశా ఆ పూట నేను కునుకు తీసుంటాను.

కవిటి నుంచి బమ్మిడి కుర్మయ్య వచ్చాడు,
కొబ్బరి దింపే మనిషి, అరికాళ్లు చెట్టు బెరడు.
రక్తపరీక్ష కాగితం ఒక మాట చెబుతోంది,
నా బొమ్మ ఇంకో మాట:
కిడ్నీ తొమ్మిది సెంటీమీటర్లు, ఫర్వాలేదు.
"రక్తం అబద్దమాడతాదేటమ్మా?" అన్నాడు.
నవ్వేసి ఊరుకున్నాను.
రాత్రికి ఆ నవ్వు రాలేదు.

మా అమ్మ పలాసలో జీడిపప్పు ఒలిచేది.
జీడి అంటి నల్లగా కాలిన వేళ్లతో
సాయంత్రం కాటా ముందు వరసలో నిలబడేది.
"రోజుకోలాగ తూగితే కాటా ముసిల్దయిపోనాదనుకో.
రోజూ ఒక్కలాగే తగ్గితే మాత్రం
ఎవుడో ఏలెట్టినాడనుకో" అనేది.
వంద రోజుల తూకాలు కూడి వందతో భాగించినా
ఆ వేలు సగటులోనే కూర్చుంటుంది.
అందుకే కొంగున ఒక రాయి ముడేసుకెళ్లేది,
మందస సంతలో వేరే కాటాతో తూయించిన రాయి.

నా ఇరవై కొలతలూ ఇరవైమంది సాక్షులనుకున్నాను.
ఒక్కడే ఇరవై చొక్కాలు మార్చుకొని వచ్చాడు.

పొద్దున్నే పెట్టెని తూచాను.
కొన్ననాటి కార్డులో ఉన్న బరువుకి
నూటపది గ్రాములు తక్కువ.
మూడు వేసవులు, కరెంటు పోయిన మధ్యాహ్నాలు.
పైపొర కింద జెల్లు ఎండి, ముడుచుకొని,
దారాలు ఒకదానివైపు ఒకటి జరిగాయి.
తొమ్మిదీ పాయింటు ఆరుని
పది అని పిలవమని యంత్రానికి నేర్పింది నేనే.

తారకేశు లేతు షాపులో స్టీలు స్కేలు అరువు తెచ్చాను.
నీలం టబ్బులో రెండు దారాలు బిగించి
ఆవరణలోని బోరునీళ్లే పట్టాను,
ఈ పక్క జనం నోట పెట్టడానికి జంకే నీళ్లు.
థర్మామీటరు ముంచి,
ఆ వేడికి నీటిలో ధ్వని ఎంత వేగమో పట్టికలో వెతికి,
తేడా సరిచేసి, కొలిచాను.
నీళ్లు మొహమాటపడలేదు.

దిద్దుబాటు ఒక్క వాక్యం:
వచ్చిన అంకెని సున్నా పాయింటు తొంభై ఆరుతో గుణించు.
కాగితం మీద అంతే.
రిజిస్టర్లో మాత్రం తొమ్మిదికి కాస్త పైన
ధీమాగా కూర్చున్న పేర్లు నూట పదిహేడు.
ఒక్కొక్కటే గీత కిందకి జారింది.
పాత అంకెలు చెరపలేదు.
పక్కన ఎర్రసిరాతో కొత్తవి వేసి
నా సంతకం కింద మళ్లీ నా సంతకం పెట్టాను.

ఫోన్లు మొదలుపెట్టాను.
దున్న సంపూర్ణమ్మ తోటలో ఉందట, చెబుతామన్నారు.
మూడో నంబరు వాడుకలో లేదు.
దాని ఎదురుగా ఏం రాయాలో తెలియక ఖాళీ వదిలాను.

కుర్మయ్య ఎత్తాడు. చెట్టు మీదున్నట్టున్నాడు, గాలి.
అంతా విన్నాడు.
"అయితే నా కిడ్నీ సిన్నదయిపోనాదా,
మీ లెక్క సిన్నదయిపోనాదా?"

లెక్కేనండీ, అన్నాను. కిడ్నీ అప్పుడూ అంతే.

గాలి.
"దిగి మాటాడతాను, ఉండు."

ఫోను పెట్టేయలేదు.
మానుకి కాళ్లు గీసుకుంటూ
దిగుతున్న చప్పుడు,
చాలాసేపు.