నీడ నంబర్ నాలుగు

శుక్రారం పొద్దుగాల సజ్జా క్యాంపుకు తెల్ల వ్యానొకటి వచ్చింది.
సినిమా అంట. దేశానికొకలు కావాలంట.
టేక్ బహదూర్ ఎక్కిండు, షఫీకుల్ ఎక్కిండు,
మెస్సుల ఉల్లిగడ్డలు కోసే కెన్యా పిల్ల వాంజిరు ఎక్కింది.
నా దగ్గరికొచ్చేసరికి చెస్మల పిల్ల కాగితం తిరగేసి
"ఇండియా అయిపోయింది గద" అన్నది.
మళ్ల నా మొఖం దిక్కు చూసి,
"ఈయన కండ్లు బాగున్నయ్, ఉండనీ."
నూట యాబై దిర్హాములు, రెండు పూటల బిర్యానీ.
కోరుట్లల బీడీలు చుట్టే మా గంగమణి గూడ
నా కండ్ల గురించి గంత మంచి మాట ఎన్నడనలే.

రాస్ అల్ ఖైమా దాటినంక సముద్రం ఒడ్డుకు
ఎవ్వలుండని విల్లా.
తలుపులకు సగందాక ఇసుక.
కథ ఒక మేడమ్‌ది. ఆమెకు నిద్ర పట్టది.
ఇంట్ల ఇంకెవరో ఉన్నరని అనుమానం.
గా ఎవరో మేమే.

చీకటి వరండాల వరుసగ నిలవడాలె.
కదలద్దు. రెప్ప కొట్టద్దు.
నాకేమో చిన్నప్పటి సంగతులు యాదికొచ్చి
మోకాళ్లు జర వణికినయ్.
"కట్!"
డైరెక్టర్ మంచోడే, భుజం మీద చెయ్యేసిండు:
"నువ్వు భయపడద్దు భాయ్.
నిన్ను చూసి ఆమె భయపడాలె."

చాయ్ తాగేటప్పుడు వాంజిరు అడిగింది,
"మనమెట్ల చచ్చినం?"
చెస్మల పిల్ల కాగితాలన్ని తిప్పింది, ముందుకు, ఎనుకకు.
"రాసి లేదు."
మరి మేమే రాసుకున్నం.
టేక్ బహదూర్ పరంజ మీదికెళ్లి పడ్డడు.
షఫీకుల్ పడవల వస్తుండె, పడవ రాలే.
వాంజిరు చెప్పను పో అన్నది.
నేను చావనే లేదన్న.
ఏసీ బాగుచేస్తందుకు వచ్చిన,
ఇల్లు ఖాళీ అయిందని నాకెవ్వలు చెప్పలే.
అందరం పొట్ట పట్టుకొని నవ్వినం.

మా రూముల పన్నెండు మంచాలు. ఏడోది రాజనర్సుది.
పోయిన ఆగస్టుల ఒక రాత్రి పండుకున్నడు.
నాలుగింటికి ఆయన ఫోన్ల అలారం మోగింది.
మోగుతనే ఉన్నది.
బంద్ చెయ్‌రా, నిద్ర ఖరాబ్ చేస్తున్నవని
ఎవడో తిట్టిండు.
నేనే తిట్టిన.

ఇప్పటికి నాలుగు కొట్టకముందే మెలకువ వస్తది.
అది మోగకపోవుడు
చెవులు రిక్కించి వింట.
మంచం చువ్వకు ఆయన తువ్వాల ఇంక అట్లనే ఉన్నది.
కొత్తగచ్చినోడు దాన్ని జరిపి తనది ఆరేసుకుంటడు.

పదకొండు నెలలకు సినిమా వచ్చింది.
ఈ బొమ్మల ప్రపంచమంత ఉన్నదని
టీవీల ఒకాయన మెచ్చుకున్నడు.
నిజమే. ఉన్నది.
వరండాల, రెప్ప కొట్టకుంట.
మాల్‌ల టికెట్ కొనుక్కొని నేను గూడ పోయిన.
నేను తెర మీదికి రాంగనే
పక్క సీటామె చేతులతోని కండ్లు మూసుకున్నది.
లైట్లేసినంక నా మోకాళ్లు దాటుకుంట
"థ్యాంక్యూ" అన్నది, నా మొఖం చూసే.
పేర్లు పడ్డయ్, ఉరికినయ్.
నీడ నంబర్ నాలుగు. దాని ఎదురుంగ నా పేరు,
ఒక అచ్చరం తప్పు.

నిన్న వాంజిరు ఫోన్ చేసింది.
నైరోబీల వాళ్ల చెల్లె
గా రెండు సెకన్లు ఆపి ఆపి చూసిందంట.
అక్కా, నీ పక్కన నిలవడ్డాయన
ఎవర్ని చూసి అంత భయపడుతున్నడు? అని అడిగిందంట.

ఆరోసారి తీసిన షాటది.
కదల్లే నేను.
రెప్ప గూడ కొట్టలే.