ఆఖరి మూడు రోజులు

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో
టైర్ల షాపు మేడ మీద
పదడుగుల గది అద్దెకి తీసుకున్ననాడు
నా కంపెనీ ఆస్తి
ఒక గొంతు, ఒక అద్దె ఆటో.
బ్యాటరీ మా బావది.

"కేక పబ్లిసిటీ" అని పేరు పెట్టాను.
ఫ్లెక్సీ కుర్రాడు ఒక కొమ్ము ఎక్కువ తగిలించాడు.
వారమంతా
కేజీ ఎంతమ్మా, పేరు రాసిస్తారా
అని మెట్లెక్కినవాళ్ళే.
ఒకాయనతో అన్నాను:
కేకు లేదు గాని, మీ మిఠాయి కొట్టు సంగతి
ఊరంతా చెప్పి వస్తాను.
అదే బోణీ.
ఆరొందలూ, అరకేజీ జంతికలూ.

మైకు నోటికి నాలుగు వేళ్ళ దూరం ఉండాలి.
"ష" దగ్గర మొహం పక్కకి తిప్పాలి.
గంజి వార్చే వేళ ఎవరి చెవీ వీధిలో ఉండదు,
సీరియల్ మధ్య విరామంలో ఉంటుంది.
ఇవన్నీ పాలకొండ రోడ్డు దుమ్ములో నేర్చుకున్నాను.
తర్వాత కేబుల్ టీవీ అడుగున పాకే అక్షరాలు,
ఆ తర్వాత ఫోన్లో ముప్పై సెకన్ల వీడియోలు.
ప్రెస్ నోటు రాసే చెయ్యీ అబ్బింది.
"గొడవ" అన్నచోట "చిన్న అపోహ",
"మూసేశారు" అన్నచోట "మెరుగులు దిద్దుతున్నారు."
ఒక్క మాట మార్చితే రెండువేలు.
తేలికైన పని, చేతికి మట్టి అంటదు.

పొట్నూరు చినబాబు చీరల కొట్టుకి
"ఆఖరి మూడు రోజులు! మూడే మూడు రోజులు!"
అని రాసిందీ నేనే, అరిచిందీ నేనే.
దసరాకి మొదలైన ఆ మూడు రోజులు
ఉగాది దాటి, మళ్ళీ దసరా దాటి
రెండేళ్ళు నడిచాయి.
నా గది రెండు గదులైంది.

ఆ అక్టోబరులో
తహసీల్దారు ఆఫీసు నుంచి ఫోను.
మైకు బళ్ళు చాలడం లేదు, మీ ఆటో కావాలి.
కళింగపట్నం అవతలి పేటకి నేనే వెళ్ళాను.
ఆకాశం మసిబట్టిన చెంబు అడుగులా ఉంది.
"ఈ రాత్రికే గాలి. బడి దగ్గరికి వచ్చేయండి.
పశువుల తాళ్ళు విప్పేయండి."

ఒక్కరూ కదల్లేదు.
వల బాగుచేస్తున్న మైలపిల్లి గురుమ్మ
తల ఎత్తకుండానే నవ్వింది.
"ఓలమ్మ, నీ గొంతు నానెరగనా?
ఆకరి మూడ్రోజుల గుంటవి కావేటి?
నీ ఆకరి ఎప్పుడైనా అయిపోనాదా?"
పేట పేటంతా నవ్వింది.
సముద్రం కూడా, అనిపించింది.

మైకు కట్టేసి దిగాను.
నలభై మూడు గడపలు.
మైకు లేకుండా నా గొంతు ఎంత చిన్నదో
ఆరోజే విన్నాను.
వాన అడ్డంగా కొడుతోంది.
ఆటో తోలే జోగులు "బేగి ఎల్లిపోదామక్కా" అంటున్నాడు.
నేను గురుమ్మ గుమ్మంలోనే నిలబడ్డాను,
ఇంకేం మాటలు మిగల్లేదు గనక.

చాలాసేపటికి
కోళ్ళ గంప నా చేతికిచ్చింది.
"అమ్మీదానివైతే
ఈ వోనలో నిలబడవే" అంది.

కరెంటు వచ్చిన నాలుగో రోజు
చినబాబు ఫోను చేశాడు.
తుఫాను స్పెషల్ అట. ఆఖరి మూడు రోజులు అట.
ఎన్ని రోజులో నిజం చెప్పండి, అదే రాస్తాను అన్నాను.
ఆయన వేరే గొంతు వెతుక్కున్నాడు.
రెండు గదులు మళ్ళీ ఒకటైంది.
బావ బ్యాటరీ సంగతి ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

ఇప్పటికీ ఆ పేటకి ప్రచారానికి వెళ్తే
గురుమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆటో ఆపుతుంది.
"ఏటమ్మా, ఇయ్యాల అమ్మడానికా, సెప్పడానికా?"

ఎక్కువసార్లు, అమ్మడానికే అంటాను.
సరే అని
బేరం మొదలుపెడుతుంది.